రెండు యూనివర్సిటీల మధ్య చెస్ పోటీ

ప్రశ్న: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల చెస్ పోటీ ఎప్పటిది? మా కాకతీయ యూనివర్సిటీకి, ఇంకో యూనివర్సిటీకి మధ్య అలాంటిది పెట్టాలంటే ఎలా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మొదటిది 1873లో లండన్‌లో జరిగింది. అమెరికాలో కొలంబియా, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లు 1892లో మొదలుపెట్టాయి. 1899 నుంచి కొన్నేళ్లు ఈ రెండు దేశాల విద్యార్థులు సముద్రం అడుగునున్న టెలిగ్రాఫ్ తీగ మీద ఎత్తులు పంపుకుంటూ ఆడారు. ఎంత ముచ్చటైన పని!

మీకు ఎనిమిది బోర్డులు చాలు. బొమ్మా బొరుసూ వేసి, గెలిచిన జట్టుకు 1, 3, 5, 7 బోర్డుల్లో తెల్లపావులు ఇవ్వండి. మిగతా నాలుగింట్లో అవతలివాళ్లకు తెల్లవి. ఆటగాడికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల అదనం పెడితే 60 ఎత్తుల ఆటకు నాలుగు గంటల దాకా పడుతుంది. దీనికి డిజిటల్ గడియారమే కావాలి, పాత ముల్లు గడియారంలో అదనపు సెకన్లు రావు. ఒకటి ఎక్కువే దగ్గర పెట్టుకోండి.

గొడవలన్నీ జట్టు వరుస దగ్గరే వస్తాయి. గట్టి ఆటగాణ్ని అయిదో బోర్డుకు దించి సులువుగా పాయింటు కొట్టాలని చూస్తారు. అందుకే రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ప్రకారం, గట్టివాళ్లు ముందుండేలా రాసిన జాబితాలను ముందురోజే ఆర్బిటర్‌కు, అంటే పోటీ నిర్ణేతకు ఇచ్చేయాలి, తర్వాత మార్చకూడదు. కెప్టెన్ తన ఆటగాడికి డ్రా అడగమనో, ఒప్పుకోమనో చెప్పొచ్చు. బోర్డు మీది స్థితి గురించి మాత్రం ఒక్క మాటా అనకూడదు.

4–4 అయితే గెలిచిన బోర్డుల నంబర్లు కూడండి, తక్కువ వచ్చిన జట్టుదే గెలుపు. ఒకరు 2లో, ఇంకొకరు 6లో గెలిచి, మిగతావి డ్రా అయితే 2లో గెలిచినవాళ్లదే పోటీ. ఈ నియమాన్ని ఆట మొదలుకాకముందే కాగితం మీద రాసి ఇద్దరు కెప్టెన్లతో సంతకం పెట్టించండి.