మాట మారినచోట ఆగు: ఎలిజబెత్ కాలపు నాటకాలు చదువుతున్న యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఎలిజబెత్ కాలపు నాటకాల మీద తెలుగులో పరిచయ వ్యాసాలు రాయాలనుందనీ, వీలైతే కొన్ని రంగాలు అనువదిస్తాననీ రాశావు. చాలా సంతోషం. కథాసంగ్రహాలు చదివి రాసేవాళ్లకు కొదవ లేదు. మూలం ఎదురుగా పెట్టుకుని ఒక్కో పంక్తీ నమిలి రాసేవాళ్లే తక్కువ. "భాష కొరుకుడు పడటం లేదు, పాత్రలు అందడం లేదు" అన్నావు. నా లెక్కన అవి రెండు ఇబ్బందులు కావు, ఒకటే. ఆ నాటకాల్లో పాత్ర మనసు విప్పి చెప్పే కథకుడు లేడు. రంగసూచనలు కూడా ప్రవేశం, నిష్క్రమణ, పోరు వంటి వాటితో సరి. మిగిలిందంతా మాటే. ఒక మనిషి మాటతీరు ఎక్కడ మారిందో పట్టుకుంటే ఆ మనిషి దొరికినట్టే.

ముందు కాలానికి హద్దులు గీసుకో. ఎలిజబెత్ పాలన 1558 నుంచి 1603 దాకా. మార్లో నాటకాలు, కిడ్ రాసిన స్పానిష్ ట్రాజెడీ, షేక్‌స్పియర్ రోమియో అండ్ జూలియట్, జూలియస్ సీజర్, హామ్లెట్, ట్వెల్త్ నైట్ ఈ లోపల వస్తాయి. కింగ్ లియర్, మాక్‌బెత్ తర్వాత గద్దెనెక్కిన జేమ్స్ కాలానివి. వ్యాసాల్లో ఈ గీత చెరిపేస్తే చదివేవాళ్లకు తప్పుడు పటం ఇచ్చినట్టవుతుంది.

ఇక వేదిక. లండన్ శివారు షోర్‌డిచ్‌లో జేమ్స్ బర్బేజ్ 1576లో ది థియేటర్ అనే నాటకశాల కట్టించాడు. దాని కలప విప్పుకెళ్లి 1599లో థేమ్స్ దక్షిణ ఒడ్డున గ్లోబ్ కట్టారు. ఆట మధ్యాహ్నం, పగటి వెలుతురులో. ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు వేదిక చుట్టూ నిలబడి చూసేవాళ్లు. ఆడ వేషాలు మగపిల్లలు కట్టేవాళ్లు. ముందు తెర లేదు, చీకటి చేసే దీపాలూ లేవు. అంటే రాత్రి కావాలంటే నటుడి నోటి నుంచే రావాలి. హామ్లెట్ మొదటి రంగం ఈ కళ్లతో చూడు. "ఎవరక్కడ?" అని మొదట అరిచేది కాపలాలో ఉన్న ఫ్రాన్సిస్కో కాదు, అతన్ని విడిపించడానికి వస్తున్న బెర్నార్డో. అడగాల్సినవాడు అడగలేదు, జవాబు చెప్పాల్సినవాడు అడిగాడు. "కాదు, నువ్వు చెప్పు నాకు" అని ఫ్రాన్సిస్కో ఎదురు తిరుగుతాడు. ఆ తర్వాతే పన్నెండు కొట్టిందనీ, చలి కొరుకుతోందనీ తెలుస్తుంది. దయ్యం మాట ఎత్తకముందే కోటంతా బెదిరి ఉందని ఆ రెండు ముక్కల్లో తేలిపోయింది. అచ్చు పుస్తకాల్లో రంగం మొదట కనిపించే "కోటలో ఒక గది" వంటి సూచనలు చాలావరకు 1709లో నికొలస్ రో వేసిన సంచిక, ఆ తర్వాతి సంపాదకులు చేర్చినవి. వాటి మీద వాదనలు కట్టకు.

ఆ రోజుల్లో నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవాళ్లు కాదు. అతని మాటలు, ఒక్కో మాటకు ముందు ఎదుటివాడి చివరి రెండు మూడు పదాలు, అంతే. రాబర్ట్ గ్రీన్ రాసిన ఓర్లాండో ఫ్యూరియోసోలో ఎడ్వర్డ్ ఆలెన్ వేషానికి సంబంధించిన అలాంటి ప్రతి ఇప్పటికీ డలిచ్ కాలేజీలో ఉంది. నువ్వూ అలాగే ఒక పాత్ర భాగాన్ని చేత్తో రాసుకో. మొదట ఒఫీలియా. హామ్లెట్ మొదటి అంకం మూడో రంగంలో అన్న నీతులు చెబితే ఆమె ఏడు పంక్తుల జవాబిస్తుంది, అందులో చురక కూడా ఉంది: ఇతరులకు ముళ్లదారి చూపి తాము పూలదారిన పోయే బోధకుల్లా ఉండకన్నయ్యా అని. తండ్రి పొలోనియస్ రాగానే ఆమె అతనికి ఇచ్చే జవాబులు ఆరు. ఏదీ రెండు పంక్తులు దాటదు. ఆరింట ఐదింటిలో "మై లార్డ్" ఉంటుంది. ఆఖరిది "మీరు చెప్పినట్టే చేస్తాను" అన్న అర్థం వచ్చేది. నాటకం ఏకధాటిగా చదివితే పొలోనియస్ గొంతు హోరులో ఇది వినబడదు. భాగం విడిగా రాసుకుంటే ఆ నోరు ఎవరి ముందు మూతపడిందో కాగితం మీద కనబడుతుంది. "ఒఫీలియా అమాయకురాలు" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాలు ఈ పని చేయనివే.

ఛందస్సు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన గణాలు గురులఘువుల మీద, అంటే పలకడానికి పట్టే కాలం మీద నడుస్తాయి. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద, అంటే అక్షరాన్ని ఒత్తి పలకడం మీద నడుస్తుంది. అలవాటు కొద్దీ మనం అక్షరాలన్నిటినీ ఒకే బరువుతో చదువుతాం, దాంతో లయ చచ్చిపోతుంది. పంక్తికి పది అక్షరాలు, ఐదు ఊనికలు, తేలిక తర్వాత బరువు: ఇదీ మూలకట్టు. మార్లో ఫాస్టస్ హెలెన్‌ను చూసి అన్న పంక్తి తీసుకో: వాజ్ దిస్ ద ఫేస్ దట్ లాంచ్డ్ ఎ థౌజండ్ షిప్స్. దిస్, ఫేస్, లాంచ్డ్, థౌ, షిప్స్ దగ్గర బల్ల మీద వేలితో కొట్టు. ఐదూ సరిగ్గా పడతాయి. ఇప్పుడు "టు బీ ఆర్ నాట్ టు బీ, దట్ ఈజ్ ద క్వెశ్చన్" చదువు. పదకొండు అక్షరాలు, చివరిది ఊనిక లేక జారిపోతుంది. తేలని ప్రశ్న తేలనట్టే ముగిసింది. కట్టు తప్పిన ప్రతిచోటా గొప్ప అర్థం ఉంటుందని కాదు. పాత్ర ఉలిక్కిపడిందో, దాచిందో, తొందరపడిందో చూడు. ఏదీ కనబడకపోతే వదిలేయ్. లెక్క కుదరకపోతే ఉచ్చారణ కూడా ఒకసారి సరిచూడు: రోమియో నాటకంలో 'బానిష్డ్' చాలాచోట్ల బా-ని-షెడ్ అని మూడక్షరాలుగా పలకాలి.

అర్థం దగ్గర మోసం చేసేవి కష్టమైన పదాలు కావు. వాటికి నిఘంటువు చూస్తావు. తెలిసినట్టుండే పదాలే ముంచుతాయి. జూలియట్ అనే 'వేర్‌ఫోర్' ఎక్కడ అని కాదు, ఎందుకు అని. రోమియో ఎక్కడున్నాడని ఆమె వెతకడం లేదు, ఈ పేరుగల వాడివే ఎందుకయ్యావని బాధపడుతోంది. 'ప్రెజెంట్లీ' అంటే అప్పట్లో వెంటనే. 'స్టిల్' చాలాసార్లు ఎప్పుడూ. 'ఫాండ్' వెర్రి. 'డౌట్' అనుమానించడం, భయపడటం. దయ్యం వెంట వెళ్లనీయకుండా పట్టుకున్నవాళ్లతో హామ్లెట్ "నన్ను 'లెట్' చేసేవాణ్ని దయ్యాన్ని చేస్తా" అంటాడు. అక్కడ ఆ మాటకు అడ్డుకోవడం అని అర్థం, ఇప్పటి వాడుకకు సరిగ్గా తలకిందులు. ఇలాంటి యాభై పదాల పట్టిక నీ చేత్తో నువ్వే తయారు చేసుకో. డేవిడ్ క్రిస్టల్, బెన్ క్రిస్టల్ కూర్చిన షేక్‌స్పియర్స్ వర్డ్స్ పక్కన ఉంటే చాలు.

వాక్యం మెలిక తిరిగినచోట క్రియ వెతుకు, తర్వాత కర్త, ఆ పైన కర్మ. దీనికి హామ్లెట్ మొదటి అంకం రెండో రంగంలో రాజు క్లాడియస్ తొలి ఉపన్యాసాన్ని మించిన పాఠం లేదు. అన్న చచ్చిపోయాడు, వితంతువైన రాణిని తాను కట్టుకున్నాడు, ఆ మాట కొలువులో చెప్పాలి. వాక్యం కర్మతో మొదలవుతుంది: ఒకప్పటి మా సోదరి, ఇప్పటి మా రాణి. ఆమె బిరుదు రెండో పంక్తిలో. మూడో పంక్తిలో "మేము" వస్తుంది కాని అసలు క్రియ రాదు. ఓడిన సంతోషంతో, ఒక కంట నవ్వు ఒక కంట నీరుతో, చావులో వేడుకతో, పెళ్లిలో శోకగీతంతో అంటూ విరోధాలు జతజతలుగా తూచి తూచి, ఏడో పంక్తికి గాని "భార్యగా స్వీకరించాము" అన్న మాట బయటికి రాదు. క్లాడియస్ అంటే అదే. నేర్పరి, ఇబ్బందికరమైన క్రియను ఆఖరికి నెట్టి దాని చుట్టూ తూకం వేసిన మాటలు కప్పగలవాడు. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి ఈ వాక్యం మనకు ముక్కలు చేయకుండా దించుకునే వీలుంది. చాలామంది అనువాదకులు స్పష్టత కోసం దాన్ని మూడు చిన్న వాక్యాలుగా విరగ్గొడతారు. నువ్వు ఆ పని చేయకు.

ఆ ఉపన్యాసంలోనే తెలుగు మనల్ని నిలదీసే చోట్లు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు 'బ్రదర్' అన్నో తమ్ముడో చెప్పదు, మనం చెప్పక తప్పదు. ముందు రాజైనవాడు కనుక అన్న అనడమే సబబు. అప్పుడు 'సిస్టర్' వదిన అవుతుంది. వదినను తల్లిలా చూసే ఇళ్లలో పెరిగిన పాఠకుడికి ఆ పెళ్లి ఎంత ఘోరమో వివరణ లేకుండానే తెలుస్తుంది. అలాగే 'అవర్'. "అవర్ బ్రదర్" అన్నప్పుడు అది రాజు ఒక్కడి "మా". "అవర్ హార్ట్స్" అనేసరికి కొలువంతటి "మన". ఇంగ్లీషులో ఒకే మాట కావడంతో క్లాడియస్ తన సొంత వ్యవహారాన్ని అందరి వ్యవహారంలోకి చడీచప్పుడు లేకుండా జార్చేస్తాడు. తెలుగులో ఎక్కడ "మా" ఆపి "మన" మొదలుపెట్టాలో నువ్వే తేల్చాలి. నేనైతే వీలైనంత త్వరగా "మన"కు వస్తాను, ఎందుకంటే అతని ఎత్తు అదే.

ఇంగ్లీషులో నువ్వు, మీరు లాంటి 'దౌ', 'యూ'ల సంగతి మనకు పుట్టుకతో తెలిసిన విద్యలా కనిపిస్తుంది. అయితే యాంత్రికంగా నువ్వు, మీరు అని మార్చుకుంటూ పోతే దెబ్బతింటావు. అప్పటికి పెద్దింటి మనుషుల మధ్య 'యూ'యే మామూలు మాట, స్నేహితులకైనా, భార్యాభర్తలకైనా. 'దౌ' వచ్చిందంటే ఏదో కదిలిందని గుర్తు: ప్రేమ, కోపం, అలుసు, ప్రార్థన. ట్వెల్త్ నైట్‌లో సర్ టోబీ, సవాలు ఉత్తరం రాయబోయే ఆండ్రూతో, ఎదుటి మనిషిని ఓ మూడుసార్లు 'దౌ' అని తిట్టినా తప్పు లేదంటాడు. హామ్లెట్ మూడో అంకంలో తల్లి గదిలో మూడు పంక్తులు చూడు. "హామ్లెట్, నువ్వు మీ నాన్న మనసు నొప్పించావు" అని తల్లి, క్లాడియస్‌ను ఉద్దేశించి, 'దౌ'తో మొదలుపెడుతుంది. "అమ్మా, మా నాన్న మనసు నొప్పించింది మీరు" అని కొడుకు, చనిపోయిన తండ్రిని ఉద్దేశించి, 'యూ'తో తిప్పికొడతాడు. వెంటనే ఆమె కూడా 'యూ'లోకి మారిపోతుంది. దగ్గరితనం ఒక్క జవాబుతో గడ్డకట్టింది. తెలుగులో ఆ మూడో పంక్తిలో కన్నకొడుకును తల్లి "మీరు" అనడం ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ సర్వనామం వదిలేసి, వాక్యాన్ని పొడిగా, దూరంగా నడపడం మేలు. మూడో రిచర్డ్‌లో లేడీ ఆన్ రిచర్డ్ ముఖం మీదే పెట్టే శాపనార్థాలు 'దౌ'తో పెడుతుంది. రంగం చివర రిచర్డ్ పశ్చాత్తాపం చూసి సంతోషమని చెప్పేటప్పుడు 'యూ' అంటుంది. ఆమె లొంగిపోయిందని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పద్యం, వచనం తేడాను అంతస్తుకు కట్టేయకు. మన సంస్కృత నాటకంలో రాజుకు సంస్కృతం, చెలికత్తెకు ప్రాకృతం అన్నంత స్థిరంగా అక్కడ ఉండదు. జూలియస్ సీజర్‌లో సీజర్ హత్య తర్వాత జనం ఎదుట బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, ఆంటొనీ పద్యంలో. బ్రూటస్ తర్కంతో జనాన్ని ఒప్పిస్తాడు, ఆంటొనీ లయతో కరిగిస్తాడు. నాలుగో హెన్రీ మొదటి భాగం, మొదటి అంకం రెండో రంగంలో యువరాజు ఫాల్‌స్టాఫ్‌తో ఉన్నంతసేపూ వచనమే. స్నేహితులు వెళ్లగానే పద్యంలోకి దిగి, వీళ్లను ఏదో ఒకరోజు వదిలేస్తానని మనకే చెబుతాడు. అక్కడ నీ పెన్సిల్ ఆగాలి. రోమియో, జూలియట్ తొలిసారి మాట్లాడుకున్న పద్నాలుగు పంక్తులు కలిస్తే ఒక సానెట్, అంటే ప్రాసకట్టుతో నడిచే పద్నాలుగు పంక్తుల పద్యం అవుతుంది, ఇద్దరూ పంచుకుని పూర్తి చేస్తారు.

స్వగతం గురించి ఒక్కమాట. పగటివెలుగులో ఎదుట నిలబడ్డ జనం ముఖాలు చూస్తూ చెప్పే మాటలవి. మనసులో గొణుగుడులా అనువదిస్తే నీరసపడతాయి. వాదనగా రాయి.

పాత్ర నోటి మాటను రచయిత తీర్పుగా ఎత్తిరాయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. "నీకు నువ్వు నిజాయితీగా ఉండు" అన్న సూక్తిని షేక్‌స్పియర్ సందేశం అంటుంటారు. అది పొలోనియస్ మాట, పారిస్‌కు బయలుదేరిన కొడుకుతో అన్నది. తర్వాతి అంకం మొదట్లోనే అదే తండ్రి ఆ కొడుకు మీద నిఘాకు మనిషిని పంపుతాడు. ఎవరు, ఎవరితో, ఏ అవసరంతో అన్నారో రాయకుండా ఏ వాక్యాన్నీ ఉదాహరించకు. ఆ కాలపు మూసలు కూడా తెలిసుండాలి: నీతినాటకాల నుంచి వచ్చిన, నవ్విస్తూ చెడుకు ప్రేరేపించే 'వైస్' పాత్ర, ప్లాటస్ నుంచి వచ్చిన గొప్పలకోరు సైనికుడు, ఒంట్లోని నాలుగు ధాతువులే మనిషి స్వభావాన్ని నిర్ణయిస్తాయన్న లెక్కతో బెన్ జాన్సన్ 1598లో ఎవ్రీ మ్యాన్ ఇన్ హిజ్ హ్యూమర్‌లో నడిపిన మనుషులు. ఈ నాలుగూ రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. మన వాతపిత్తకఫాలతో ముడిపెట్టకు, లెక్క కుదరదు. నటులను దృష్టిలో పెట్టుకుని రాసేవాళ్లని కూడా గుర్తుంచుకో. మచ్ అడో అబౌట్ నథింగ్ 1600 ముద్రణలో డాగ్‌బెర్రీ మాటల ముందు కొన్నిచోట్ల నటుడు కెంప్ పేరే అచ్చయింది. కెంప్ బృందం విడిచి, అతని చోట ఆర్మిన్ అనే నటుడు వచ్చాక విదూషకులు మొరటు హాస్యం తగ్గించి పాటలు, మాటల చమత్కారం అందుకున్నారు.

చివరిగా పాఠం, అంటే నాటకం అచ్చయిన రూపం సంగతి. హామ్లెట్ 1603 ముద్రణ పొట్టిది, "టు బీ ఆర్ నాట్ టు బీ" స్వగతం కూడా అందులో వేరుగా ఉంటుంది. నాలుగో అంకంలో సైన్యాన్ని చూసి హామ్లెట్ చెప్పే స్వగతం 1623 ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటిలో లేదు. డాక్టర్ ఫాస్టస్‌కు 1604, 1616 పాఠాలు రెండున్నాయి. రెండోదాంట్లో ఆరువందల పైచిలుకు పంక్తులు ఎక్కువ. ఏ పాఠం వాడావో వ్యాసం మొదటి పేరాలోనే చెప్పు. ఫోల్జర్ లైబ్రరీ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఆర్డెన్ సంచికలో వివరణలు లోతుగా ఉంటాయి. ఒక రంగాన్ని మొదట నిఘంటువు ముట్టకుండా గట్టిగా చదువు, రెండోసారి మాట మారినచోటల్లా గీత గీయి, మూడోసారి వివరణలు చూడు. ఈ వరస తిరగబడితే వ్యాఖ్యాత చెవితో వింటావు, నీ చెవితో కాదు.

అనువాదం మొదలుపెట్టాక ముందు క్లాడియస్ ఏడు పంక్తులు పంపు. "భార్యగా స్వీకరించాము" ఎక్కడ పెట్టావో చూడాలనుంది.