తులసి కోట మీద నెమలిని చేయబోతున్న మేనకోడలికి

చి. అమ్ములుకి, మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. మీ నాన్న షష్టిపూర్తికి పెరట్లో కొత్త తులసి కోట కట్టిస్తున్నారట, దాని మీద పగిలిన టైల్స్ ముక్కలతో నెమలిని నువ్వే చేస్తానన్నావట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తాపీ పట్టేవాళ్లు మన ఇంట్లో నాతోనే ఆఖరు అనుకున్నాను. దేంతో అతికిస్తుందట అని అడిగితే, "తెల్ల గమ్ము డబ్బా తెచ్చుకుంది, పిల్లలు బొమ్మలకి వాడేది" అంది అక్క. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ తాగి ఇది రాస్తున్నాను.

ఆ డబ్బా మూత తియ్యకు తల్లీ. ఎందుకో చెప్తాను విను.

మీ అమ్మ పెళ్లప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అమ్మమ్మ ఇంట్లో కోటకి ముక్కలతో పద్మం పెడతానని అందరికీ చెప్పేశాను. పెళ్లి ఇంకా నాలుగు రోజులుంది. సిమెంట్‌లో పొదిగితే ఆరాలి, నీళ్లు కొట్టాలి, అంత టైము లేదు. ఇంట్లో వడ్రంగి పని జరుగుతోంది, అతని దగ్గర తెల్ల గమ్ము ఉంది. తలుపు చెక్కల్నే పట్టి ఉంచేది ఇంత ముక్కని పట్టదా అనుకున్నాను. ఒక్క రాత్రిలో పద్మం పూర్తయింది. పెళ్లికొచ్చిన వాళ్లంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

ఆ గమ్ములో చాలా భాగం నీళ్లే. ఆ నీళ్లు బయటికి పోతేనే అది గట్టిపడుతుంది, మళ్లీ తడి తగిలితే మెత్తబడుతుంది. ఇటు టైల్ మీద గ్లేజు, గాలి చొరదు. నడిమధ్య గమ్ము ఆరనే లేదు. అమ్మమ్మ రోజూ చెంబుడు నీళ్లు పోసేది, ఆపైన ఆషాఢం వానలు. ఒక ముక్క చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది. వెనక పెరుగు మీగడలా తెల్లగా ఉంది, గోటితో గీరితే సాగుతూ వచ్చింది. చూసి కూడా, తర్వాత బాగుచేద్దాంలే అని పనికి వెళ్లిపోయాను.

శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే ప్రదక్షిణ చేస్తుంటే రాలిపడ్డ ముక్క అమ్మమ్మ అరికాల్లో దిగింది. ఆవిడకి షుగరు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇంటికొచ్చిన వాళ్లు అడిగితే "సీసా పెంకు గుచ్చుకుంది" అని చెప్పేది. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను కట్టు మారుస్తుంటే తల నిమిరేది. ఆ తర్వాత ముప్పై ఏళ్లపైన టైల్స్ పని చేశాను, ఎక్కడా ఒక్క అంచు కూడా తడిమి చూడకుండా వదల్లేదు.

కాబట్టి టైల్ అడెసివ్ కొను. సిమెంట్‌తో చేసి పాలిమర్ కలిపినది, ఆరుబయట తడి తగిలే చోటికి పనికొస్తుందని సంచి మీద రాసి ఉన్నది. ఐఎస్ 15477 అనే ముద్ర కూడా చూసుకో, టైల్ అడెసివ్‌కి మన దేశ ప్రమాణం అదే. తెల్లదే తీసుకో, ఎందుకంటే గాజు ముక్కలు పెడితే కింద ఉన్న బూడిద రంగు పైకి కనిపించి నీలం చచ్చిపోతుంది. అద్దం ముక్కలు మాత్రం వద్దు, బయట తడికి వెనక పూత నల్లబడిపోతుంది.

మీ ఇంట్లో మిగిలినవి విట్రిఫైడ్ టైల్స్ అనుకుంటాను. అవి నీళ్లు పీల్చవు, అందుకే ఉత్త సిమెంట్ పాలకి పట్టవు. మా రోజుల్లో తెల్ల టైల్స్‌ని నానబెట్టి వేసేవాళ్లం. ఎవరైనా పెద్ద మేస్త్రి చెప్పాడని వీటిని నానబెట్టకు.

ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వెయ్యి. గారెల పిండిలా తాపీ మీద నిలబడాలి. కలిపాక ఓ పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలుపు. ఒకసారికి గుప్పెడు కలుపుకుంటే చాలు. బిగుసుకుంటే మళ్లీ నీళ్లు పోసి వాడొద్దు, పారెయ్యి. ప్రతి ముక్క వెనకా నిండా పూసి నొక్కు. సందులోకి మూడో వంతుకి మించి పైకి వస్తే అప్పుడే పుల్లతో గీకెయ్యి, లేకపోతే గ్రౌట్‌కి, అంటే ముక్కల మధ్య సందులు నింపే పిండికి, చోటుండదు. మన ఎండకి పైపొర త్వరగా ఆరిపోతుంది. వేలు పెడితే అంటుకోకపోతే అది ఇక పట్టదు, తీసేసి కొత్తది పుయ్యి.

గ్రౌట్‌కి కనీసం ఒక రోజు ఆగాలి. తొందరపడితే నా మీద ఒట్టే. పగిలిన ముక్కలు కాబట్టి సందులు సమంగా రావు. మూడు మిల్లీమీటర్లు దాటిన చోట ఇసుక కలిసిన గ్రౌటే వాడాలి, ఇసుక లేనిది కుంచించుకుని పగుళ్లిస్తుంది. నీళ్లు తక్కువ పొయ్యి. ఐమూలగా రుద్దుతూ దిగగొట్టు, పావుగంటాగి బాగా పిండిన స్పాంజితో తుడువు. గిన్నె కడిగిన నీళ్లు సింకులో పోయకు, పైపులోనే గడ్డకడుతుంది. మూడు రోజులు తడి గోనె కప్పి ఉంచు. రంగు ముదురు బూడిదే తీసుకో, నెమలి నీలం దాని పక్కన ఎత్తి చూపిస్తుంది.

చండీగఢ్‌లో నేక్ చంద్ రాక్ గార్డెన్‌కి వెళ్లినప్పుడు అందరూ బొమ్మల్ని చూస్తుంటే నేను అంచులు తడుముతూ నడిచాను. రోడ్ల శాఖలో ఉద్యోగం చేస్తూ, విరిగిన గాజులు, పగిలిన కప్పులూ సిమెంట్‌లో పొదిగి ఆయన చేసినవి. 1976లో జనానికి తెరిచారు. ఇన్నేళ్ల ఎండావానా తిని కూడా అలాగే పట్టుకుని ఉన్నాయి.

ముక్కలు కొట్టేటప్పుడు గుడ్డ కప్పి కొట్టు, కళ్లద్దాలు పెట్టుకో. పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లోవ్స్ తప్పవు. నీ చేతులు చిన్నప్పుడు ఎలా ఉండేవో నాకు తెలుసు, సిమెంట్ తింటే అలా ఉండవు. అతికించే ముందు ప్రతి ముక్క అంచునీ పాలిష్ రాయితో రుద్దు. కింద రెండడుగులూ ఇంకా శ్రద్ధగా చెయ్యి, అమ్మ పాదాలు తిరిగేది అక్కడే.

గోడ ప్లాస్టరింగ్ చేశాక నెల రోజులన్నా ఆరనివ్వాలని మీ నాన్నకి ఇవాళే చెప్పు, ఆయన ఆఖర్లో కంగారు పెడతాడు.

దీపం గూడు మాత్రం నాకు వదిలెయ్. నూనె పీల్చి మామూలు గ్రౌట్ నల్లబడుతుంది. అక్కడ సిమెంట్ బదులు రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ పెట్టాలి, అది చేతిలోనే బిగుసుకుపోతుంది, మొదటిసారి చేసేవాళ్లకి లొంగదు. గూడు పనికి ముందు రోజు సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను. అంచులన్నీ ఒకసారి తడిమి చూసి, పొద్దున్నే గూడు పని మొదలుపెడతాను.

మీ మావయ్య