చెప్పకుండా కొండెక్కితే వెతికేదెవరు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. గ్లాస్గోలో ఉద్యోగం. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ ఒంటరిగా ఎక్కాలని ఏడాదిగా శని, ఆదివారాల్లో చిన్న కొండలు ఎక్కుతున్నాను. మావారికి చెబితే "సరుకులు తేవడానికే తోడు రమ్మంటావు, నీవల్ల అవుతుందా?" అని నవ్వారు. తెనాలిలో అమ్మేమో ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఎడిన్‌బరోలో ఫ్రెండ్ ఇంటికని చెప్పి సెప్టెంబరులో వెళ్లొద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: ఒంటరిగా వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఏడాదిపాటు పడ్డ కష్టాన్ని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ, నాకు అదే పెద్ద విషయంగా కనిపించింది.

నాకు భయమల్లా ఆ ఎడిన్‌బరో అబద్ధం గురించే. బెన్ నెవిస్ ఎత్తు 1345 మీటర్లే, కానీ నడక మొదలయ్యేది దాదాపు సముద్రమట్టం నుంచి. మామూలు దారిలో రానుపోను 17 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ ఏడెనిమిది గంటలు. దిగేటప్పుడు కాలు మడతపడి, ఫోన్‌కి సిగ్నల్ లేదనుకోండి. మీరు ఫ్రెండ్‌తో కబుర్లలో ఉన్నారనుకుని మీవారు నిద్రపోతారు. అక్కడి లోకాబర్ మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు అర్ధరాత్రయినా వస్తారు. అయితే ఎవరో ఒకరు 999కి ఫోన్ చేసి, పోలీసుల ద్వారా వాళ్లను పిలవాలి కదా! ఒంటరిగా వెళ్లడం వేరు, ఎవరికీ తెలియకుండా వెళ్లడం వేరు.

ఆ శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా వాతావరణ పరిశీలన కేంద్రం నడిచింది. దాని మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువ రోజులు పైన మబ్బు కమ్మే ఉంటుంది. ఏమీ కనిపించనప్పుడు దారి తప్పితే ఒక పక్క గార్డీలూ గల్లీ, ఇంకో పక్క ఫైవ్ ఫింగర్ గల్లీ, రెండూ నిట్టనిలువు లోయలు. అక్కడ ప్రాణాలు పోయాయి. మ్యాప్, కంపాస్ చూసి నడవడం వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే ముందు అది నేర్చుకోండి. అందుకోసం ప్రయాణం వచ్చే వేసవికి వాయిదా పడినా పరవాలేదు.

ఇంకో మాట. ఆ నవ్వుకు జవాబుగా ఎక్కుతున్నారా? అలాగైతే వెనక్కి తిరగడం మీవల్ల కాదు. సగం దారిలో గాలి పెరిగి, వాన మొదలైనా "ఇప్పుడు దిగిపోతే ఆయన ఏమంటారో" అన్న ఆలోచనే మిమ్మల్ని పైకి నెడుతుంది. అందుకని ఈ గొడవ కొండ దాకా వెళ్లకుండా ఇంట్లోనే తేల్చుకోండి.

ఆయన్ని అనుమతి అడగకండి, ఒక పని అప్పగించండి. ఏ దారిలో వెళ్తారు, ఎన్నింటికి బయల్దేరతారు, ఎన్నింటికి దిగుతారు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి. "రాత్రి ఎనిమిదికి కూడా నా ఫోన్ రాకపోతే 999కి చెయ్యండి" అనండి. ఆ నవ్వు వెనక ఉన్నది భయమో, చిన్నచూపో మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. కాగితం అందుకుని "రెయిన్‌కోట్ పెట్టుకున్నావా?" అని అడిగారంటే అది భయమే. మళ్లీ నవ్వి పక్కన పడేస్తే ఆ కాగితం నమ్మకమైన స్నేహితురాలికి ఇవ్వండి. ఆ చిన్నచూపు సంగతి విడిగా మాట్లాడుకోవాలి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

అమ్మకు కూడా చెప్పండి, కానీ గంట దగ్గర కాస్త జాగ్రత్త. నాలుగింటికి దిగుతారనుకుంటే ఆరింటికి ఫోన్ చేస్తానని చెప్పండి. అక్కడ ఆరంటే తెనాలిలో రాత్రి పదిన్నర. తలగడ పక్కన ఫోన్ పెట్టుకుని కూర్చునే మనిషికి పది నిమిషాల ఆలస్యం కూడా ఎంత టెన్షనో మీకు తెలియనిది కాదు. ఆవిడ ఏడుపు ఆగకపోవచ్చు. ఏడుస్తూనే "స్వెట్టర్ వేసుకో" అంటుంది. వేసుకోండి, సెప్టెంబరులోనూ పైన వణికించే చలి ఉంటుంది.

అక్కడ సెప్టెంబరు మధ్యలో ఏడున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. పొద్దున్నే బయల్దేరండి, తలకు పెట్టుకునే లైటు మర్చిపోవద్దు. ముందురోజు రాత్రి కొండల వాతావరణ సూచన చూడండి. గాలి ఎక్కువని ఉంటే టికెట్ డబ్బులు పోతే పోనీయండి. కొండ కింద ఉన్న ఫోర్ట్ విలియం ఊరికి రైలు ఆ పై శనివారం కూడా ఉంటుంది.