ఈ రోజుల్లో కూడా జ్యూస్, ఎథీనా లాంటి గ్రీకు దేవతలను పూజించేవాళ్లు ఉన్నారా? ఉంటే ఇంట్లో ఏం చేస్తారు? మనలాంటివాళ్లు చేయవచ్చా?

ఉన్నారు. అలాంటి ఒకావిడ ఇంట్లో, కింది వాటాలో మూడేళ్లు అద్దెకున్నాను కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మావారి ఉద్యోగం పిరేయస్ రేవులో. ఇల్లు మాత్రం ఏథెన్స్‌లో, కిప్సెలి అనే పేటలో దొరికింది. పాత ఐదంతస్తుల బిల్డింగు. ఇద్దరు ఎక్కితే మూడోవాళ్లు మెట్ల దారి పట్టాల్సిన లిఫ్టు. నెలనెలా మెయింటెనెన్స్ గొడవ. దాని మీద ఎవరైనా విడిగా ప్రశ్న వేస్తే ఇంతకన్నా పెద్ద జవాబు రాస్తాను. పై వాటాలో ఉండే ఓనరుగారు రిటైరైన లెక్కల టీచరు. డెబ్భైకి దగ్గర పడ్డారు. అక్కడ ఆడవాళ్లను మర్యాదగా కిరియా అంటారు, మన మేడమ్ గారు లాంటి మాట. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "కోరీ మూ" అనేవారు, అమ్మాయీ అన్నట్టు.

ఆవిడ సంగతి మొదట్లో నాకేం తెలియదు. ఒకరోజు వంటింటి అలమరలోంచి ఎండు మిరియాల డబ్బా తీసుకోమంటే వెళ్లాను. మూల ఒక చిన్న జాడీ ఉంది. మెడ చుట్టూ తెల్ల ఉన్ని దారం. ఊరబెట్టిన ఆలివ్ కాయలేమో అనుకుని మూత మీద చెయ్యి వేశానో లేదో, వెనకనుంచి కేక! మడి కట్టుకోకుండా ఆవకాయ జాడీ దగ్గరికి వెళ్తే మా అమ్మమ్మ అచ్చం అలాగే అరిచేది. లోపల నీళ్లు, ఆలివ్ నూనె, గింజలు, పండ్ల ముక్కలు. అది జ్యూస్ క్తేసియోస్, అంటే ఇంట్లో సరుకు తరగకుండా చూసే జ్యూస్. విగ్రహం లేదు, పటం లేదు, ఆ జాడీయే దేవుడు. దారం చుట్టిన కలశాన్ని చూస్తూ పెరిగినదాన్ని, నాకు వింతేముంది? "మా ఇంట్లోనూ ఇలాంటిదే పెడతాం" అన్నాను. ఆవిడ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. ఆ రోజు మిరియాల సంగతి ఇద్దరం మర్చిపోయాం.

రోజూ ఏం చేస్తారంటే, పొద్దున్నే ఒక గిన్నెలో ఉప్పు నీళ్లు తీసుకుంటారు. మనం బిర్యానీలో వేసే ఆకు లాంటి ఆకు ఒకటి వెలిగించి ఆ మంటను నీళ్లలో ముంచుతారు. ఆ నీళ్లతో చేతులు కడుక్కుని, నాలుగు చుక్కలు చుట్టూ చల్లుకుంటారు. చేతులు కడుక్కోకుండా తెల్లవారి జ్యూస్‌కు వైన్ ధార పోయవద్దని హెసియడ్ అనే కవి ఇరవై ఏడు శతాబ్దాల కిందటే రాశాడట. ఆవిడ లెక్కల టీచరు కాబట్టి ఆ మాట కూడా సూత్రం అప్పజెప్పినట్టే చెప్పేవారు.

ఆ తర్వాత పొయ్యి పక్కన ఒక చిన్న దీపం. అది ఎస్తియాకు, మనం పుస్తకాల్లో హెస్టియా అని చదివే దేవతకు. ఏ పూజైనా మొదట ఆవిడకే, చివర కూడా ఆవిడకే. ఆవిడే ఇంటి నిప్పు. అయితే ఆ ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి! నిప్పు లేని పొయ్యి పక్కన నిప్పు దేవతకు దీపం పెట్టడమేమిటని అడిగితే, "అందుకే కదా దీపం పెట్టాల్సి వచ్చింది" అన్నారు. గ్యాస్ స్టవ్ తుడిచి పసుపు కుంకుమ పెట్టే ఇంటినుంచి వెళ్లినదాన్ని, ఇంకేం మాట్లాడతాను?

ఆపైన బార్లీ గింజలు చల్లడం, అక్షింతలు వేసినట్టే. సాంబ్రాణి లాంటి ధూపం. మోకాళ్ల మీద కూర్చోరు, నిలబడి రెండు అరచేతులూ పైకి ఎత్తుతారు. పాతాళ దేవతలకైతే అరచేతులు నేలవైపు తిప్పుతారు. చివర నీళ్లు కలిపిన వైన్ ధార. ఆ ధారను మొదట్లో బాల్కనీ అంచున పోసేవారు. కింద ఆరేసి ఉన్నవి నా దుప్పట్లు. మా అత్తగారిచ్చిన తెల్ల దుప్పటి మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. నేను మొహమాటపడుతూ చెప్పాక ధార నిమ్మచెట్టు కుండీలోకి మారింది. అంతే, అదీ రోజువారీ పూజ. పది నిమిషాలు పట్టదు.

ధూపం ఎక్కడ కొనేవారో చెప్పాలి. ఏథెన్స్ పెద్ద చర్చి పక్కన అపోలోనోస్ అని ఒక వీధి ఉంది, అపోలో వీధి అని అర్థం. ఆ వీధిలో వరసగా చర్చి సామాన్ల దుకాణాలు, ఫాదరీల అంగీలు, వెండి ధూప పాత్రలు. కిరియా అపోలోకు వేసే ధూపం అక్కడే కొనేవారు. "వీధి ఎవరిదో వాళ్లు మర్చిపోయినా, సరుకు మాత్రం మంచిది" అనేవారు.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పుకోవాలి. ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "ఒలింపస్ కొండ మీద జ్యూస్ కూర్చున్నాడని వాళ్లు నిజంగా నమ్ముతారా?" మా అమ్మను ఎవరైనా ఇలా అడిగారా? కైలాసంలో శివుడు ఎన్నో నంబరు రాయి మీద కూర్చున్నాడో చెప్పమన్నారా? నా అభిప్రాయం అడిగితే పూజ అనేది నమ్మకంకన్నా ఎక్కువగా చేతి అలవాటు. చెయ్యి చేసుకుపోతుంటే మనసు వెనకాలే వస్తుంది. కిరియా కూడా కథల్ని కథలుగానే చూసేవారు. "జ్యూస్ ఎద్దుగా మారాడా లేదా అన్నది నా సమస్య కాదు, నా జాడీ ఎండిపోయిందా లేదా అన్నది నా సమస్య" అనేవారు. సినిమాలూ గేములూ చేసిన పాడు ఇంకొకటి. మా మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, అక్కడ థోర్‌ను కూడా పూజిస్తారా?" అన్నాడు. థోర్ ఆ ఊరివాడు కాదు నాన్నా.

పిల్లల మాటకేం, అక్కడి పెద్దల మాటలే కష్టంగా ఉండేవి. గ్రీసు రాజ్యాంగంలోనే ఆర్థొడాక్స్ క్రైస్తవం ప్రధాన మతమని రాసి ఉంటుంది. 2000 దాకా గుర్తింపు కార్డు మీద మతం కూడా వేసేవారు. కిరియా పాత కార్డు మీద ఆర్థొడాక్స్ అనే ఉంది. వాళ్ల అమ్మగారు సాయంత్రం కాగానే మేరీమాత పటం ముందు నూనె దీపం వెలిగించేవారట. అందుకే ఆవిడ గొప్పలు పోయేవారు కాదు. "మీది మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చింది, నాది లైబ్రరీ నుంచి వచ్చింది" అనేవారు. నాలుగో శతాబ్దం చివర్లో థియొడోసియస్ చక్రవర్తి బలులూ గుళ్లూ నిషేధించాక తెగిన దారం అది. తెగిన చోట ముడి వేసుకున్నారు, ముడి కనబడుతుంది, దానికి సిగ్గు దేనికని ఆవిడ వాదన. అసలు ముడి అంటూ వేసింది ఈ మధ్యనే. 1997లో వీళ్ల పెద్ద మండలి ఒకటి ఏర్పడింది. 2017లోగానీ ప్రభుత్వం వీళ్ల మతాన్ని మతంగా గుర్తించలేదు.

గుళ్ల సంగతి ఇంకా విచిత్రం. నగరం నడిబొడ్డున జ్యూస్ గుడి ఉంది. 104 స్తంభాల్లో 15 నిలబడి ఉన్నాయి. 1852 గాలివానకు పడిన మరొకటి ముక్కలు కోసిన కీరకాయలా నేల మీద పడి ఉంటుంది. టికెట్ కొని లోపలికి వెళ్లొచ్చు, ఫొటోలు దిగొచ్చు, పూజ చేయడానికి మాత్రం వీల్లేదు. 2007 జనవరిలో ఎలినైస్ అనే సంస్థవాళ్లు సంస్కృతి శాఖ కాదన్నా అక్కడ ప్రార్థన చేశారు. కిరియా ఆ రోజు వెళ్లారట. చలికి వణికిన సంగతే ఎక్కువ చెప్పారు.

మా మూడో అంతస్తులో ఒక పెద్దాయన ఉండేవాడు. కిరియాను చూస్తే "ఇదొలోలాత్రిస్" అని గొణిగేవాడు, విగ్రహారాధకురాలని. ఒకసారి లిఫ్టులో మేమిద్దరం కలిసి కనబడ్డాం. ఆయన ఆవిడను చూసి, నా నుదుటి బొట్టు చూసి, ఎందుకొచ్చిన గొడవలే అనుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. లిఫ్టు ఎలాగూ ఇద్దరికే సరిపోతుంది.

అసలు చెప్పాలనుకున్నది అమావాస్య సంగతి. వాళ్ల నెల చంద్రుడి నెల. అమావాస్య రాత్రి కూడళ్ల దేవత హెకటేకు భోజనం పెట్టాలి. మర్నాడో మూడో నాడో నెలపొడుపు కనిపించినప్పుడు కొత్త నెల పూజ. తర్వాతి రోజు ఇంటిని కాపాడే మంచి దేవుడికి, ఆయన రూపం పాము. నాగులచవితి గురించి నేను చెబితే ఆవిడ రెండు కప్పుల కాఫీ తాగేదాకా కదల్లేదు. మా ఫ్రిజ్ మీద తెలుగు క్యాలెండర్ ఉండేది కాబట్టి ప్రతినెలా తిథి నన్నే అడిగేవారు. అడిగి, "ఇది మీ దేశపు సూర్యోదయం లెక్క" అని కొట్టేసేవారు. వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అలా ఒక రోజు తేడా వస్తే ఇద్దరిలో ఒక్కరం కూడా ఒప్పుకునేవాళ్లం కాదు.

మొదటి చలికాలం, ఆవిడ మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నారు. అమావాస్య వచ్చింది. భోజనం పెట్టాల్సింది మూడు దారులు కలిసే చోట. మా బిల్డింగు కిందే, చెత్త డబ్బాల పక్కన అలాంటి కూడలి ఉంది. నన్ను పిలిచి చేతికి ఒక ఆకుపచ్చ కాగితం ప్లేటు ఇచ్చారు. ఉడికించిన గుడ్డు, వెల్లుల్లి గడ్డ, వేయించిన చిన్న చేప, తేనె రాసిన రొట్టె. "పెట్టేసి వచ్చెయ్. వెనక్కి మాత్రం..." అని ఆవిడ అంటుండగానే, "చూడకూడదు, నాకు తెలుసు" అన్నాను. దిష్టి తీసిన నిమ్మకాయా మిరపకాయలూ మూడు దారుల దగ్గర పడేసి, వెనక్కి తిరక్కుండా ఎన్నిసార్లు వచ్చానో మా ఊళ్లో. కిరియా నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయారు.

సన్న వాన. ప్లేటు పెట్టాను, తిరిగాను, నడక మొదలెట్టాను. పది అడుగులు వేశానో లేదో వెనకనుంచి మగ గొంతు, "కిరియా! కిరియా!" గుండె ఆగినంత పనైంది. నేను ఆగలేదు. గొంతు దగ్గరికొస్తోంది, చెప్పుల చప్పుడు. నేను పరుగు. ఆయనా పరుగు. అమావాస్య రాత్రి, తెలియని ఊళ్లో తరుముకొస్తున్న మనిషి, అయినా మెడ తిప్పలేదంటే అది ధైర్యం కాదు, మా అమ్మమ్మ భయం. గుమ్మం దగ్గరికొచ్చి జేబులో చెయ్యి పెడితే తాళాలు లేవు. ఆయన చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పాత ఇనుము ఏరుకునే ముసలాయన, రోజూ తోపుడుబండితో కనిపించేవాడే. ఒక చేతిలో నా తాళాలు. రెండో చేతిలో హెకటే గుడ్డు, సగం కొరికింది.

నాకొచ్చిన నాలుగు గ్రీకు ముక్కల్లో థాంక్స్ చెప్పాను. ఆయన గుడ్డు వైపు చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు. చేప అప్పటికే పిల్లులపాలు.

పైకి వెళ్లి ఏడుపు మొహంతో నైవేద్యం చెడిపోయిందని చెప్పాను. కిరియా కాలు పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. ఎప్పుడూ అంతేనట. డబ్బున్నవాళ్లు నెలనెలా హెకటేకు భోజనం పెడితే అది కింద పెట్టకముందే లేనివాళ్లు ఎత్తుకుపోతారని అరిస్టొఫనీస్ తన నాటకంలో ఎప్పుడో రాశాడు. "దేవతకు చేరే దారి అదే" అన్నారు. తర్వాతి నెలనుంచి రెండు గుడ్లు పెట్టాం. రొట్టె కూడా పెంచాం.

ఇది మా బాబాయికి చెబితే ఆయన వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, చూశారా, అన్నీ మన దగ్గర్నుంచే వెళ్లాయని. గ్రీకులు జ్యూస్‌ను దీయాస్ అంటారు, వేదంలో ద్యౌః పితర్ ఉన్నాడు, రెండు మాటలకూ మూలం ఒకటే, అంతవరకు నిజం. అక్కచెల్లెళ్లు ఒకేలా ఉన్నంతమాత్రాన ఒకరు ఇంకొకరి కూతురైపోతారా? బాబాయి మాట కిరియాకు చెబితే ఆవిడ చాలా మర్యాదగా, "మా మండలిలోనూ కొందరున్నారు. అన్నీ ఇక్కణ్ణుంచే మీకు వచ్చాయంటారు" అన్నారు. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలి.

మనలాంటివాళ్లు చేయవచ్చా అంటే, నేనూ ఆవిడను అడిగాను. గ్రీకువాళ్లకే అనేవాళ్లు ఉన్నారు, ఎవరైనా రావచ్చనేవాళ్లు ఉన్నారు, ఆ గొడవ వాళ్లలో తేలదు. ఆవిడ మాత్రం, "నీకు ఉన్నవాళ్లు చాలరా?" అని అడిగారు. ముక్కోటి లెక్క చెప్పాను. లెక్కల టీచరు కదా, సున్నాలు వేసి చూపించమన్నారు.

ఇండియా వచ్చేసేటప్పుడు ఒక ఖాళీ జాడీ, ఒక తెల్ల ఉన్ని ఉండ ఇచ్చారు. లగేజీ బరువెక్కుతుందని మావారు గొణుగుతున్నా చేతిసంచిలో పెట్టుకుని తెచ్చాను. అలమర మూలనే పెట్టాను, దారం చుట్టి. రెండేళ్లు అలాగే ఉంది. మొన్న కార్తీకంలో ఉసిరికాయలు ఎక్కువ వచ్చాయి, సరిపడా జాడీ ఇంకొకటి లేదు. ఇప్పుడు అందులో పచ్చడి ఉంది. దారం తీయలేదు. ఆవిడకు ఇంకా చెప్పలేదు.