రెండేళ్ల పిల్లలకైతే ఎఫ్‌ఎన్‌ఐఆర్‌ఎస్సే నయం

రెండేళ్ల పిల్లలు కథ వింటుంటే మెదడులో రక్తపు ఆక్సిజన్ ఎలా మారుతుందో చూడాలి, ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ (అయస్కాంత స్కానర్‌తో చూసే పద్ధతి) మేలా, ఎఫ్‌ఎన్‌ఐఆర్‌ఎస్ (తలపై నుంచి పరారుణ కాంతి పంపి కొలిచే పద్ధతి) మేలా అని అడిగారు. నన్నడిగితే రెండోదే. స్కానర్ హోరులో తల కదపకుండా మెలకువగా పడుకోమంటే ఆ వయసు పిల్లలకు మహా కష్టం. సెన్సర్ల టోపీ పెట్టుకుని అమ్మ ఒళ్లో కూర్చుని వినడం సులువు. పైగా ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌నూ, లేనిదాన్నీ ఇది విడివిడిగా చూపిస్తుంది.

అయితే పరారుణ కాంతి మెదడు పైపొరలు దాటి లోతుకు వెళ్లదు. జ్ఞాపకాలకు కీలకమైన, మెదడు లోతుల్లో ఉండే హిప్పోకాంపస్ చూడాలంటే మాత్రం ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ తప్పదు.

ముఖ్యంగా ఒక జాగ్రత్త: నెత్తి చర్మంలోని రక్తప్రసరణ కూడా సిగ్నల్‌లో కలిసిపోతుంది. మామూలు డిటెక్టర్లు కాంతి మూలానికి 3 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి కదా, సుమారు 8 మిల్లీమీటర్ల దూరంలో అదనంగా కొన్ని పెట్టించండి. అవి పట్టేది దాదాపు చర్మం సిగ్నల్‌నే కాబట్టి విశ్లేషణలో దాన్ని తీసేయవచ్చు. సెన్సర్ కింద జుట్టు పాయ తీయడం మరవకండి.