రోజూ బైబిల్ చదువుతున్నా ఆ రోజు ఏం చెయ్యాలో దారి తెలియట్లేదు, ఎలా చదవాలి?

ముందు ఒక అలవాటు మానెయ్యండి, కళ్ళు మూసుకుని ఏదో పేజీ తెరిచి అదే ఈరోజు నాకు దేవుడి మాట అనుకోవడం. ముందూ వెనకా చదవకుండా ఒక్క వచనం పట్టుకుంటే మనకి నచ్చిన అర్థమే వస్తది.

సామెతల గ్రంథంతో మొదలుపెట్టండి, 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తారీఖు చూసుకుని రోజుకొకటి చదివితే నెలకి సరిపోద్ది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావగారు అలాగే చదువుతారు, 11వ తారీఖు వచ్చిందంటే మొదటి వచనమే "దొంగత్రాసు యెహోవాకు హేయము", ఆ పొద్దున్న షాపు తెరవగానే ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకుంటారు, బేరం మొదలయ్యేది ఆ తర్వాతే. దారి అంటే ఇదేనండి, చాలామంది ఏ ఉద్యోగానికి వెళ్ళాలి ఏ సంబంధం చేసుకోవాలి అని జవాబు వెతుకుతారు గానీ వాక్యం ఎక్కువగా మనం ఎలాంటి మనిషిగా నడవాలో చెప్తది.

119వ కీర్తన 105వ వచనంలో కూడా వాక్యం పాదాలకి దీపం అని ఉంది, అంటే ముందు అడుగు పెట్టే చోటు కనపడితే చాలు. పెద్ద నిర్ణయమైతే మాత్రం ప్రార్థన చేసుకుని, సంఘంలో పెద్దవాళ్ళని కూడా అడగండి, సామెతలు 15:22 చెప్పేది అదే. చదివిన దాంట్లో ఆరోజు చెయ్యాల్సిన ఒక్క పని నోట్‌బుక్‌లో రాసుకోండి.