నాయనమ్మ వచ్చిందా, వచ్చిందటా?

సందేహం: చనిపోయిన నాయనమ్మ రోజూ దీపాలవేళ పెరటి గుమ్మంలోకి వచ్చి, ఇంటి సంగతులు అడిగి వెళ్తుందని ఒక కథ రాశాను. చదివినవాళ్లలో ఒకరు ఇది దెయ్యం కథ అన్నారు, ఇంకొకరు జానపద కథ అన్నారు, మా అబ్బాయి మ్యాజిక్ రియలిజం అన్నాడు. వీటికి తేడా ఏమిటి? నేను ‘వచ్చింది’ అని రాసిన చోటల్లా పత్రికవాళ్లు ‘వచ్చిందట’ అని దిద్దారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. కానీ ఆ దిద్దుబాటుతో మీ కథ వేరే కథ అయిపోయింది. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. ఈ కథారీతుల మధ్య తేడా తెలుగులో చాలావరకు క్రియ చివర తేలిపోతుంది.

‘ట’ చేరిస్తే ‘నేను చూడలేదు, విన్నాను’ అని చెప్పినట్టు. “చెట్టు మాట్లాడిందట” అంటే ఎలా మాట్లాడిందని పిల్లలు కూడా నిలదీయరు. చెప్పేవాళ్లకి పూచీ లేదు, వినేవాళ్లకి బెదురు లేదు. జానపద కథలో అద్భుతం ఇలా ఎప్పుడో, ఎక్కడో జరుగుతుంది. మన వీధిలోకి రాదు.

అలాగని ఈ ఒక్క అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పోతన “పలికెడిది భాగవతమట” అన్నప్పుడు అందులో అనుమానం లేదు. ఇంత పని నా నోట జరుగుతోందా అన్న విస్మయం ఉంది, వినయం ఉంది. అదే ‘ట’ “పెద్ద పండితుడట!” అన్నప్పుడు ఎకసెక్కెం అవుతుంది. ఇక ‘నేను’తో కలిపి చూడండి: “రాత్రి నేను లేచి పెరటి తలుపు తీశానట.” నేను చేసిన పని ఇంకెవరో చెబితే తప్ప నాకు తెలియలేదు! దెయ్యం లేదు, శ్మశానం లేదు, అయినా ఒళ్లు జలదరిస్తుంది. బాగా ఎరిగినదే, ఇంట్లోదే, ఉన్నట్టుండి పరాయిగా తోచినప్పుడు పుట్టే ఈ గగుర్పాటు గురించి 1919లో మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఒక పెద్ద వ్యాసమే రాశాడు. మనకి అది ఒక ప్రత్యయంలో దొరుకుతోంది. తెలుగు కథకులు దీన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలని నా కోరిక.

మీ కథనే ఇంకోలా రాస్తే: “గుమ్మంలో నాయనమ్మ నిలబడినట్టు కనిపించింది. దగ్గరికి వెళ్తే ఎవరూ లేరు. గడప మాత్రం తడిగా ఉంది.” ఇక్కడ పని అంతా ‘అట్టు’ది. కాబోలు, ఏమో, అనిపించింది అనేవి కూడా దీని చుట్టాలే. 1970లో తొదొరోవ్ అనే విమర్శకుడు ఫెంటాస్టిక్ అనే కథారీతి అంటే ఈ సంశయమే అన్నాడు. జరిగింది భ్రమ అని తేలితే కథ ఒకవైపు, నిజంగానే ఆత్మ వచ్చిందని తేలితే దెయ్యం కథ వైపు ఒరిగిపోతుంది. ఎటూ తేలనంతసేపే అది ఫెంటాస్టిక్.

మీరు రాసింది ఈ రెండూ కాదు. “నాయనమ్మ వచ్చింది. గ్యాస్ బుక్ చేశారా అని అడిగింది. నిన్ననే చేశాం అన్నాను.” ఎవరూ ఉలిక్కిపడలేదు, ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు. మీ అబ్బాయి చెప్పింది సరైన మాటే: అద్భుతాన్ని ఇలా మామూలు సంగతిలా చెప్పడమే మ్యాజిక్ రియలిజం. ఈ రీతికి ప్రాణం ‘వచ్చింది’ అనే నిబ్బరమైన క్రియ. దానికి ‘ట’ తగిలించగానే నాయనమ్మ మీ గుమ్మం వదిలి కాశీమజిలీలోకి వెళ్లిపోతుంది.

మీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. గుణుపురం అవతల పుట్టసింగి కొండల్లో సవరలు అనే గిరిజనులు చనిపోయిన తమవాళ్లతో మాట్లాడేవారు. పూనకంలో ఉన్న మనిషి నోట పోయినవాళ్లు పలికేవారు; ఇంట్లోవాళ్లు వాళ్లని ప్రశ్నలు అడిగేవారు, పోట్లాడేవారు, ఏడ్చేవారు. అద్భుతం అనుభవంలోకి రావాలంటే ముందు నమ్మకం ఉండాలని 1949లో క్యూబా రచయిత కార్పెంతియెర్ హైతీని దృష్టిలో పెట్టుకుని అన్నాడు. ఆ మాట ఈ కొండలకీ వర్తిస్తుంది. అందుకే అక్కడి ఆనాటి బతుకు మీద కథ రాస్తే చెప్పేది ఎవరో ముందు తేల్చుకోండి. పట్నం నుంచి వెళ్లిన టీచరు చెబుతుంటే “పోయినవాళ్లు మాట్లాడతారట” అనడం నిజాయితీ. సవర అమ్మాయి చెబుతుంటే “మాట్లాడతారు” అనాలి. ఆమె నోట ‘ట’ పెడితే ఆమె నమ్మకాన్ని మనమే కొట్టిపారేసినట్టు. అక్కడ దాన్ని మ్యాజిక్ అనడం కూడా నాకు నచ్చదు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చారు. వాళ్ల మాటని వాళ్ల మాటగానే వినడానికి అంతకన్నా దారి ఏముంది?

ఇక దిద్దుబాటు సంగతి. కథనంలో మీ ‘వచ్చింది’ అలాగే ఉంచమని పత్రికవాళ్లని గట్టిగా అడగండి. పక్కింటావిడ వీధిలో చెప్పే మాటల్లో మాత్రం ‘ట’ ఉండాలి, ఆవిడ చూడలేదు కాబట్టి. అక్కడ ‘వచ్చిందంట’ అని మీవైపు పలికినట్టే రాసినా తప్పు లేదు.